మంచుకొండలో మన జొన్న పాతర

మన సంఘానికి శాఖ పెట్టడానికి వీలుకాని ఊరు ప్రపంచంలో ఒకటుంది. అక్కడ వృద్ధాశ్రమం లేదు. మంచాన పడ్డవారికి చాకిరీ చేసే ఏర్పాటు సర్కారు వైపు నుండి లేదు. తన పోషణ తాను చూసుకోలేని మనిషిని అక్కడి గవర్నరు ఊరు విడిచి పొమ్మనవచ్చు. మనవంటి వారు సహజంగానే అక్కడ బహుకొద్ది మంది. ఆ ఊరి పేరు లాంగియర్‌బ్యెన్. ఉత్తర ధ్రువం దాపున ఉన్న స్వాల్‌బార్డ్ ద్వీపాలకు అదే ముఖ్యపట్టణం. జనాభా సుమారు 2,500. మన నకిరేకల్ బస్టాండులో సంత రోజున అంతకంటే ఎక్కువ మందే కనబడతారు.

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు పానగల్లు గుడులో, నాగార్జునకొండో రాస్తాననుకున్నారు మిత్రులు. వాటి మీద రాసినవారు చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్లకు పైగా వ్యవసాయ శాఖలో గుమస్తాగా విత్తనాల స్టాకు రిజిస్టర్లు రాసినవాణ్ణి. నా రిజిస్టరు దారి నన్ను ఈ దీవికి తీసుకుపోయింది. అదెట్లాగో చివరికి చెబుతాను.

మొదట దీవి సంగతి. నార్వే దేశానికి ఉత్తరాన, 74 నుండి 81 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉంది. విస్తీర్ణం 61 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత నల్లగొండ జిల్లాలు నాలుగు పట్టేంత. అందులో సగానికి పైగా హిమానీనదాలే. చెట్టనేది లేదు. ఏప్రిల్ 20 ప్రాంతం నుండి ఆగస్టు 22 దాకా లాంగియర్‌బ్యెన్‌లో సూర్యుడు అస్తమించడు. అక్టోబరు చివర నుండి ఫిబ్రవరి నడుమ దాకా ఉదయించడు. జూలైలో సగటు వేడి ఆరేడు డిగ్రీలు. ఒక ఊరి నుండి ఇంకో ఊరికి రోడ్డు లేదు. ఊరు దాటితే ధ్రువపు ఎలుగుబంట్ల భయం, కాబట్టి జనం తుపాకి వెంటబెట్టుకుని పోతారు. పక్షులకు కీడని పిల్లులను పెంచనివ్వరు. మనకు చక్కెరకూ కిరసనాయిలుకూ రేషన్ కార్డు ఉండేది కదా, అక్కడ ఆ కార్డు బీరుకూ ఘాటు మద్యానికీ ఉంది, నెలకింత అని!

అక్కడ చావడం చట్టవిరుద్ధమని ఒక మాట ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. 1950 ప్రాంతం నుండి శవపేటికలు పూడ్చనివ్వరు, అంతే. నేల ఎప్పుడూ గడ్డకట్టి ఉంటుంది కనుక శవం శిథిలం కాదు. 1918లో లోకాన్ని తుడిచిపెట్టిన ఇన్‌ఫ్లూయెంజాకు అక్కడ ఏడుగురు యువకులు చనిపోయారు. 1998లో శాస్త్రజ్ఞులు ఆ క్రిమి జాడ కోసం వారి సమాధులు తవ్వి చూశారు. అదే జ్వరానికి మన దేశంలో కోటికి పైగా జనం పోయారు.

ఈ దీవులకు ఆదివాసులంటూ ఎవరూ లేరు. 1596లో, అంటే చార్మినారు కట్టిన ఐదేళ్లకు, విల్లెం బారెంట్స్ అనే డచ్చి నావికుడు చైనాకు ఉత్తరపు దారి వెతుకుతూ ఈ తీరం చూశాడు. మొనదేలిన కొండలు చూసి స్పిట్స్‌బెర్గెన్ అని పేరు పెట్టారు. ఆ వెనుక ఇంగ్లీషువారు, డచ్చివారు తిమింగలాల కోసం ఎగబడ్డారు. ఐరోపా దీపాలకూ సబ్బులకూ ఆ కొవ్వే నూనె. మన వైపు ఆముదం దీపం వెలుగుతున్న కాలంలోనే అక్కడ తిమింగలాలను ఒడ్డున కాగబెట్టడానికి స్మేరెన్‌బర్గ్ అనే మకాం వెలసింది. ఆ పేరుకు కొవ్వు ఊరని అర్థం. తిమింగలాలు తరిగిపోగానే ఊరూ పోయింది.

తర్వాతిది బొగ్గు. జాన్ లాంగియర్ అనే అమెరికా వ్యాపారి 1906లో గని తెరిచాడు, ఊరికి ఆయన పేరే నిలిచింది. 1916లో ఆ గనులు నార్వే కంపెనీ చేతికి వచ్చాయి. అప్పటికీ ఆ నేల ఏ రాజ్యానిదీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1920 ఫిబ్రవరి 9న ప్యారిస్‌లో ఒడంబడిక జరిగింది. పరిపాలన నార్వేది. కాని సంతకం చేసిన దేశాల పౌరులందరికీ వేటకు, చేపలకు, గనులకు, వ్యాపారానికి సమాన హక్కు. అక్కడ వసూలు చేసిన పన్ను అక్కడే ఖర్చు కావాలి. యుద్ధావసరాలకు ఆ నేలను వాడరాదు. ఆ సంతకాలలో ఇండియా పేరిట లార్డ్ డెర్బీ చేసినదీ ఉంది. అందువల్ల ఈనాటికీ భారతీయుడు అక్కడ ఉండి పనిచేసుకోవచ్చు. ఐతే మన నల్లగొండ అప్పుడు నిజాం ఇలాకా. ఫైలు వరుసలో చూస్తే ఆ సంతకం మనకు వర్తించేది కాదు. 1948 తర్వాతనే మనకూ ఆ హక్కు దక్కింది. గుమస్తా బుద్ధి, ఈ మెలిక రాయకుండా ఉండలేకపోయాను. అదే 1920 డిసెంబరులో మన బొగ్గు కంపెనీ సింగరేణి కాలరీస్ పేరుతో నమోదైంది. సింగరేణి ఇంకా తవ్వుతున్నది. అక్కడ నార్వేవారి చివరి గని, ఏడో నంబరుది, 2025 జూన్‌లో మూతపడింది. రష్యావారి పిరమిడెన్ ఊరు 1998లోనే ఖాళీ అయింది, బారెంట్స్‌బర్గ్‌లో మాత్రం వారున్నారు. ఇప్పుడు స్వాల్‌బార్డ్‌కు తిండి పెడుతున్నవి యాత్రికులు, చదువులు, పరిశోధన.

పరిశోధన మొదలైన కథ విషాదకరం. నీ-ఒలెసున్ అనే ఊరి గనిలో 1962 నవంబరులో ప్రమాదం జరిగి 21 మంది చనిపోయారు. దాని మీద విచారణ నివేదిక వచ్చాక 1963లో నార్వే ప్రభుత్వమే పడిపోయింది. గని మూసి, ఆ ఊరిని శాస్త్రజ్ఞులకు ఇచ్చారు. 2008 జూలై 1న మన దేశం అక్కడ 'హిమాద్రి' అనే కేంద్రం తెరిచింది. ఉత్తర ధ్రువపు మంచుకూ మన నైరుతి రుతుపవనాలకూ సంబంధమేమిటన్నది అక్కడ చూసే విషయాలలో ఒకటి. 2023 డిసెంబరు నుండి చలికాలంలో కూడా మనవాళ్లు ఉంటున్నారు.

ఇక పాతర. మా నాయన కాలాన జొన్నలు పాతర వేసేవారు. గట్టు మీద నీరు నిలవని చోట నిలువు లోతు గొయ్యి, చుట్టూ గడ్డి, నడుమ జొన్నలు, పైన మళ్లీ గడ్డి, ఆపైన మట్టి. కరువు ఏడు తీసేవారు. తీసిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. లోపలి ఆవిరికి మనిషి ప్రాణం పోతుంది. దీపం దించి, అది ఆరకుండా ఉంటేనే దిగాలి. విత్తనం మాత్రం పాతరలో వేసేవారు కాదు. మా అమ్మ పచ్చజొన్న విత్తనాన్ని బూడిద కలిపి, వేపాకు వేసి, కుండ మూతికి పేడమట్టి మెత్తి అటక మీద పెట్టేది.

లాంగియర్‌బ్యెన్ పక్క కొండలో 2008 ఫిబ్రవరి 26న తెరిచినది సరిగ్గా ఇటువంటిదే. కొండలోకి నూరు మీటర్లకు పైగా సొరంగం, చివర గదులు, మైనస్ 18 డిగ్రీల చలి. కరెంటు పోయినా కొండ తన చలితో చాలాకాలం కాపాడుతుంది. ప్రపంచంలోని విత్తన నిధులు తమ తమ విత్తనాలకు నకళ్లను రేకు పొట్లాల్లో కట్టి పెట్టెల్లో పంపుతాయి. బ్యాంకు లాకరు పద్ధతి: పెట్టినవారిదే హక్కు, వారు తప్ప ఎవరూ తెరవరాదు. 13 లక్షలకు పైగా రకాలు ఇప్పటికి చేరాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నుండి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లక్షకు పైగా నమూనాలు ఆ కొండలో ఉన్నాయి. ఇక్రిశాట్ పుట్టింది 1972లో, నేను కొలువులో చేరిన ఏడే. ఆ సంస్థవారు ఊరూరా తిరిగి సేకరించిన జొన్నలకు ఐ.ఎస్. అని వరుస నంబర్లు వేశారు, మన ఇన్‌వర్డు నంబర్ల వలె. తెలంగాణ పల్లెల జొన్నలకూ ఆ నంబర్లున్నాయి.

లాకరు తెరిచే అవసరం త్వరగానే వచ్చింది. సిరియాలోని అలెప్పో దగ్గర ఇకార్డా సంస్థకు పెద్ద విత్తన నిధి ఉండేది. యుద్ధంలో అక్కడ పని సాగలేదు. 2015లో ఆ సంస్థ తాను దాచిన పెట్టెలను వెనక్కి తీసుకుంది, సుమారు 38 వేల నమూనాలు. లెబనాన్‌లో, మొరాకోలో విత్తి, పండించి, 2017లో కొత్త విత్తనాన్ని మళ్లీ కొండకు చేర్చింది. నా ఉద్యోగ కాలమంతటిలో ఇంత బాగా సరిపోయిన నిల్వ లెక్క నేను చూడలేదు.

కొండకు కూడా గండాలున్నాయి. 2016లో వేడి, వానలు పెరిగి సొరంగం వాకిట్లోకి నీరు వచ్చింది. విత్తనాలకు హాని కలగలేదు. తర్వాత వాకిలిని నీరు దూరకుండా మళ్లీ కట్టారు. ఆ వార్త చదివిన రోజు నాకు పాత సంగతి జ్ఞాపకం వచ్చింది. నేను పనిచేసిన ఒక గోదాములో కప్పు కారి విత్తన బస్తాలు తడిసి, లోపల వేడెక్కి, బూజు పట్టాయి. 'మొలకకు పనికిరానివి' అని రిజిస్టరులో కొట్టివేత రాసింది నేనే. అప్పుడు నాకేమీ అనిపించలేదు. జమ, ఖర్చు, శేషం సరిపోయాయి కదా అనుకున్నాను.

అంతకంటే పెద్ద కొట్టివేత ఇంట్లో జరిగింది. బోర్లు వచ్చాక మా చెలకలో వరి పెట్టాం, ఆపైన పత్తి, ఇప్పుడు నిమ్మతోట. జొన్న మానేసిన నాలుగైదేళ్లకు అమ్మ పోయింది. ఇల్లు దులుపుతూ అటక మీది కుండ దించి, 'ఇవింకేం మొలుస్తయి' అని కోళ్లకు పోయించాను. విత్తనాల ఆఫీసులో పనిచేసేవాణ్ణి, ఒక గుప్పెడు తీసి తడిగుడ్డలో కట్టి చూద్దామన్న ఆలోచన నాకు రాలేదు. మా ఇంటి పచ్చజొన్నకు ఏ నంబరూ లేదు.

నిరుడు మనవరాలు ఫోనులో ఆ కొండ వాకిలి బొమ్మ చూపించి, 'తాతా, దీంట్ల మన జొన్నలున్నయంట!' అన్నది. ఉన్నాయన్నాను. 'మన ఇంటియి?' అని అడిగింది. అప్పటి నుండి ఊళ్లలో విచారిస్తున్నాను. కేతేపల్లి వైపు, శాలిగౌరారం వైపు, మూసీ కాలువ నీరందని పల్లెల్లో ఇంకా పాత పచ్చజొన్న వేసేవారుంటారేమోనని నా ఆశ. సభ్యులలో ఎవరి చుట్టాల ఇంటనైనా కొన్న సంచిది కాక, తరాలుగా చేతులు మారిన విత్తనం ఉంటే సంఘం ఆఫీసులో చెప్పగలరు. సోలెడు చాలు. కుండ తెచ్చి పెట్టాను.