వలయం నుంచి వేదికకు

ప్రజల మధ్య పుట్టిన కళ రంగస్థలం యెక్కితే గౌరవం సంపాదిస్తుందా, లేక తన ప్రజలనే పోగొట్టుకుంటుందా? 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టిన నాడే యీ ప్రశ్న మన ముందు నిలిచింది. అమెరికా నల్లజాతి యువకుల హిప్‌హాప్ నాట్యచరిత్ర దీనిపై కొంత వెలుగు ప్రసరిస్తుందని నా నమ్మకం.

ఆ నాట్యం పుట్టిన చోటు న్యూయార్కులోని బ్రాంక్స్. 1948లో ప్రారంభమైన క్రాస్ బ్రాంక్స్ రహదారి నిర్మాణం వేలాది కుటుంబాలను ఇళ్ళనుంచి వెళ్ళగొట్టింది. ఫ్యాక్టరీలు తరలిపోయాయి. బీమా సొమ్ముకోసం తమ భవనాలకు తామే నిప్పు పెట్టించిన యజమానులూ వున్నారు. అటువంటిచోట 1973 ఆగస్టు 11న, బడికి కొత్తబట్టలు కొనుక్కోవడానికి ఒక అమ్మాయి టికెట్టు పెట్టి విందు జరిపింది. ఆమె అన్న, జమైకా నుంచి వలసవచ్చిన కూల్ హెర్క్, పాట మధ్యలో తాళవాద్యాలు మాత్రమే మోగే ఘట్టాన్ని రెండు రికార్డులతో పొడిగించసాగాడు. ఆ ఘట్టంలో ఆడినవారే బీ-బాయ్‌లు. చుట్టూ వలయం, నడుమ ఇద్దరు ప్రత్యర్థులు. దీనినే బ్యాటిల్ అన్నారు. తీర్పరి చుట్టూ నిలిచిన జనమే.

1980ల తొలినాళ్ళలో సినిమావారు దీనిని యెగరేసుకుపోయారు. మోజు తీరగానే నాట్యకారులను వదిలివేశారు.

రెనీ హారిస్ యీ కాలపు మనిషే. 1964లో జన్మించి, ఉత్తర ఫిలడెల్ఫియాలో పెరిగి, స్కానర్ బాయ్స్ జట్టులో ఆడాడు. 1992లో ప్యూర్‌మూవ్‌మెంట్ అనే నాట్యబృందాన్ని స్థాపించాడు. 2000లో 'రోమ్ అండ్ జ్యూయెల్స్' ప్రదర్శించాడు. షేక్స్‌పియర్ రోమియో కథ యిందులో రెండు వీధిముఠాల కథ అయింది. వారి కత్తియుద్ధం బ్యాటిల్‌గా మారింది. కథానాయిక వేదికపై కనిపించదు. నాయకుడు శూన్యంతోనే సంభాషిస్తాడు. 2018లో ఆల్విన్ ఏలీ నాట్యసంస్థ అరవై యేళ్ళ ఉత్సవానికి 'లాజరస్' కూర్చాడు. రెండంకాల కృతి ఆ సంస్థకు అదే మొదటిది.

వేదిక యెక్కగానే బ్యాటిల్ చచ్చిపోతుందని నేను ఒకప్పుడు వాదించేవాణ్ణి. ఫలితం ముందే రిహార్సల్‌లో తేలిపోయాక పందెమెక్కడిది? ఆ మాట యిప్పటికీ కాదనను. కాని నేను గమనించనిది ఒకటున్నది. వలయంలో మనిషి తన బలాన్ని మాత్రమే చూపగలడు. భయం చూపినవాడు ఓడిపోతాడు. శూన్యంతో మాట్లాడే నాయకుడికి ఆ వలయంలో చోటులేదు. దుఃఖం చెప్పుకోవడానికి వేదిక కావలసివచ్చింది.

మరి 2024లో పారిస్ ఒలింపిక్స్ బ్యాటిల్‌ను బ్యాటిల్‌గానే తీసుకున్నది. అయితే జనం స్థానంలో న్యాయనిర్ణేతలను కూర్చోబెట్టింది. రూపం మిగిలింది, అధికారం చేతులు మారింది. దీనినిబట్టి ప్రమాదం వేదికలో లేదని నాకు తోస్తున్నది. యేమి చెప్పాలో, యెలా చెప్పాలో నిర్ణయించే హక్కు వీధిలో ఆడినవాడి చేతిలోనే వుంటే కళ యెంత పెద్ద రంగస్థలానికైనా పోవచ్చు.

అయినా ఒక లోటు తీరలేదు. నాటకశాల టికెట్టు కొనలేని కుర్రవాడు ఆ వలయంలో ఊరికే నిలబడి తీర్పు చెప్పేవాడు. అతనికి తిరిగి చోటు చూపించేవరకూ యీ ప్రయాణం సగమే పూర్తయినట్లు.