పల్లెను చదివిన విద్యార్థులు

మన దేశమున పల్లెను గూర్చిన లెక్కలకు ఏనాడును కొదువ లేదు. ప్రభుత్వములు మారినను కరణము చేతి దస్త్రము మారలేదు. ఏ సర్వే నంబరున ఎంత విస్తీర్ణము కలదో, అందు ఏ పైరు వేసిరో, దానిపై ఎంత శిస్తు రావలెనో అడంగలు చెప్పును. కాని ఆ పొలమును దున్నిన వాని యింట ఆ పూట పొయ్యి రాజుకొన్నదో లేదో చెప్పు దస్త్రము తాలూకా కచేరీలో ఉండెడిది కాదు. పొలమునకు లెక్క కలదు. మనిషికి లెక్క లేదు. ఈ లోటును తీర్ప బూనుకొన్న వారిలో, ఇంకను పట్టము చేతికందని కళాశాల విద్యార్థులు కొందఱు ఉండిరి. ఇరువదవ శతాబ్దపు విద్యాచరిత్రలో వారి పనికి ఒక స్థానము కలదు. ఆ స్థానమెట్టిదో తెలిసికొనుటకు మదరాసునందొకటి, గుజరాతునందొకటి, రెండు ఉదాహరణములను పరిశీలించిన చాలును.

1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములందు స్థాపితములైన విశ్వవిద్యాలయములు చిరకాలము పరీక్షలు జరిపి పట్టము లిచ్చు సంస్థలుగా మాత్రమే ఉండెను. బోధన కళాశాలల పని. విశ్వవిద్యాలయము పని ప్రశ్నపత్రము. అర్థశాస్త్రమును చదువు విద్యార్థికి లాంకషైరు నూలు మిల్లుల వృత్తాంతము కంఠస్థము; తన యింటి వెనుక మగ్గము ఏల ఆగిపోయెనో అతనిని అడిగిన వారు లేరు. చదువు ఒక వైపునకును, ఊరు మరియొక వైపునకును నడచుచుండెను. సెలవులకు ఇంటికి వచ్చిన విద్యార్థి ఊరిలో అతిథి వంటివాడు.

ఇట్టి స్థితిలో 1915వ సంవత్సరాంతమున గిల్బర్ట్ స్లేటర్ మదరాసు విశ్వవిద్యాలయమున భారతీయ అర్థశాస్త్రమునకు ప్రథమాచార్యుడుగా వచ్చెను. అంతకు మునుపు ఆయన ఆక్స్‌ఫర్డునందలి రస్కిన్ కళాశాలకు అధ్యక్షుడు. ఆ కళాశాల కార్మికులకు ఉన్నతవిద్య గఱపుటకై ఏర్పడినది. ఇంగ్లండునందు గ్రామముల ఉమ్మడి భూములకు కంచెలు వేసి సొంతము చేసికొన్న చరిత్రను గూర్చి ఆయన 1907లోనే గ్రంథము వ్రాసియుండెను. భూమి చేయి మారినపుడు మనిషి బ్రతుకు ఎట్లు మారునో ఎఱిగినవాడు గనుక, ఆయన దృష్టి తొలుతనే పల్లెలపై నిలిచెను. కాని ఆయనకు దక్షిణదేశపు భాష రాదు. పల్లెలలో పరిచయము లేదు. ఆ రెండును కలవారు ఆయన యెదుట బల్లలపై కూర్చుండి యుండిరి.

స్లేటర్ చేసిన పని మిక్కిలి సులువైనదిగా తోచును. ఒక ప్రశ్నావళిని సిద్ధపఱచి, సెలవులలో స్వగ్రామములకు పోవు విద్యార్థుల చేతి కిచ్చెను. ఊరిలో ఎన్ని యిండ్లు, ఏ కులములవారు ఎందఱు, నీటి వసతి యేది, కూలి ధాన్యరూపమున ఎంత, పైకమున ఎంత, అప్పు ఎవరికి ఎవరు ఇత్తురు, వడ్డీ ఎంత, ఊరు విడిచి పోయినవారు ఎక్కడికి పోయిరి అన్న ఇట్టి ప్రశ్నలకు విద్యార్థి తన ఊరిలో తిరిగి సమాధానములు సేకరింపవలెను. ఆ సమాధానములలో ఎంచదగినవి గ్రామవృత్తాంతములుగా రూపొందెను. అవి 1918లో 'కొన్ని దక్షిణ భారత గ్రామములు' అను అర్థము గల పేరుతో, విశ్వవిద్యాలయపు అర్థశాస్త్ర గ్రంథమాలలో మొదటి సంపుటముగా ఆంగ్లమున వెలువడెను. బోధనకు సాధనముగా మొదలైన పని ఆ విధముగా దేశచరిత్రకు ఆధారమయ్యెను.

ఆ గ్రామములలో ఇరువేల్‌పట్టు ఒకటి. నాటి దక్షిణార్కాడు జిల్లాలోనిది. నేడు విళుప్పురము జిల్లాలో కలదు. అందు పెద్ద భూస్వాములు రెడ్డియారులు. తెలుగు దేశము నుండి తరతరముల క్రిందట తమిళదేశమునకు పోయి స్థిరపడిన రెడ్లకు అచ్చటి పేరిది. 1916లో ఆ ఊరిని గూర్చి వ్రాసిన విద్యార్థి ఆ ఊరివాడే. భూస్వామి కుటుంబములను అంటిపెట్టుకొని, అప్పు చేత కట్టుబడి, తండ్రి తరువాత కొడుకుగా సేవ చేయు 'పడియాళ్ల' స్థితి ఆనాటి వృత్తాంతమున నమోదైనది. మన పల్లెలలో పాలేరు అనబడిన వాని బ్రతుకును ఎఱిగినవారికి ఆ పడియాలు క్రొత్తవాడు కాడు. పెండ్లికో చావుకో తీసికొన్న కొలది పైకము ఒక జీవితకాలపు వెట్టిగా మారుట రెండు చోట్లను ఒక్కటే.

ఇచ్చట ఒక చిక్కు కలదు. ఆ కాలమున పట్టపరీక్షకు చదువు విద్యార్థి సాధారణముగా భూమి గల యింటివాడో, అగ్రకులస్థుడో అయి ఉండును. అతడు అరుగుపై కూర్చుండి ప్రశ్న అడుగగా, ముంగిట నిలుచుండి సమాధానము చెప్పువాడు అతని తండ్రి కడ అప్పుపడినవాడు. కూలి చాలుచున్నదా అని యజమాని కొడుకు అడిగినపుడు, చాలుట లేదని చెప్పుటకు ఎంత ధైర్యము కావలెను! వెలివాడలోని గుడిసెల సంఖ్య నమోదగును. ఆ గుడిసెలలోని మాట నమోదగుట కష్టము. ఇంటి వెచ్చము ఎట్లు గడచుచున్నదో ఎఱిగిన స్త్రీని అడుగుటకు ఆనాటి విద్యార్థికి ఆచారము అడ్డు. కావున ఆ వృత్తాంతములను చదువు చరిత్రకారుడు అందున్న అంకెలతో పాటు, ఆ అంకెలను ఎవరు ఎవరిని అడిగి వ్రాసిరో కూడ చూడవలెను. అయినను ఒక మాట ఒప్పుకొనక తప్పదు. ఆ యువకులు అడుగకున్నచో ఆ కొంచెమును మనకు దక్కి యుండెడిది కాదు.

స్లేటర్ 1921లో మదరాసు పదవిని విడిచెను. ఆయన నాటిన విత్తు ఆయన పోయిన పిమ్మట మొలకెత్తెను. 1936-37 సంవత్సరములలో ఆచార్య పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ గార్ల ఆధ్వర్యమున ఆ పల్లెల పునఃపరిశీలన జరిగి, 1940లో గ్రంథరూపమున వెలువడెను. నడుమ గడచిన రెండు దశాబ్దములలో ప్రపంచవ్యాప్తమైన ఆర్థికమాంద్యము వచ్చెను. ధాన్యపు ధర పడిపోయెను. అప్పు మాత్రము పడిపోలేదు. ఆ మార్పును కొలుచుటకు 1916 నాటి విద్యార్థుల కాగితములే కొలబద్ద అయ్యెను. స్వాతంత్ర్యానంతరము మార్గరెట్ హాస్వెల్ ఈ పల్లెలలో కొన్నిటిని దర్శించి 1967లో గ్రంథము ప్రకటించెను. ఇరువేల్‌పట్టును ఎస్. గుహన్, జోన్ మెన్చర్ గార్లు మరల పరిశీలించి 1983లో వ్రాసిరి. 2008లో జాన్ హ్యారిస్, జె. జయరంజన్, కె. నాగరాజ్ గార్లు అదే ఊరికి పోయిరి. అప్పటికి పడియాళ్ల పద్ధతి అంతరించినది. పెద్ద కుటుంబపు పట్టు సడలినది. వ్యవసాయేతరములైన పనులు ఊరివారికి ఆధారములైనవి. తొంబది రెండేండ్ల నడకను ఒక్క ఊరి ముఖమున చదువుటకు వీలు కలిగినది. ఒక వేసవి సెలవులలో విద్యార్థి చేసిన పనికి ఇంతటి ఆయుస్సు కలుగునని ఎవరును ఊహించి యుండరు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడువరకు కోస్తా, రాయలసీమ జిల్లాల విద్యార్థులు మదరాసు విశ్వవిద్యాలయపు పరిధిలోనివారే. పల్లెను అర్థశాస్త్రదృష్టితో చూచు అలవాటు తెలుగువారిలోను పాదుకొనెను. ఆక్స్‌ఫర్డున చదివి వచ్చి మదరాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రము బోధించిన ఎన్.జి. రంగా, డెల్టా గ్రామముల ఆర్థికవ్యవస్థను గూర్చిన తమ గ్రంథమును 1926లో ప్రకటించిరి. తరువాతి కాలమున ఆయన ఆచార్యపదవిని వదలి రైతు ఉద్యమమున ప్రవేశించి, నిడుబ్రోలులో రైతు విద్యాలయమును నడపిరి. పల్లెను లెక్కించినవాడు ఆ లెక్కతో ఏమి చేయవలెనన్న ప్రశ్నకు ఆయన జీవితము ఒక సమాధానము. అదే ప్రశ్నకు మరియొక సమాధానము గుజరాతున దొరకును.

సహాయనిరాకరణోద్యమకాలమున, 1920 అక్టోబరు 18వ తేదీన అహమ్మదాబాదులో గాంధీజీ గుజరాత్ విద్యాపీఠమును స్థాపించెను. ప్రభుత్వ కళాశాలలను విడిచి వచ్చిన విద్యార్థులకు అది ఆశ్రయము. 1929లో అచ్చటికి జె.సి. కుమారప్ప వచ్చి చేరిరి. ఆయన తంజావూరున జన్మించిన తమిళ క్రైస్తవుడు. లండనులో లెక్కల తనిఖీ విద్యను, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున ప్రభుత్వ ఆర్థికశాస్త్రమును అభ్యసించినవాడు. భారతదేశపు దారిద్ర్యమునకు పన్నుల విధానము ఎంతవరకు కారణమో నిరూపించుచు ఆయన వ్రాసిన వ్యాసమును గాంధీజీ చూచి, ఆయనకు ఒక పని అప్పగించిరి. ఖేడా జిల్లాలోని మాతర్ తాలూకాను ఇంటింట పరిశీలింపవలెను.

ఖేడా అనగా 1918లో పంట పోయిన యేట శిస్తు మాపు కోరి రైతులు సత్యాగ్రహము చేసిన జిల్లా. 1928లో బార్డోలీ రైతులు శిస్తు పెంపును ఎదిరించి గెలిచిరి. శిస్తు న్యాయమా, అన్యాయమా అన్న వివాదమున ప్రభుత్వము ఎప్పుడును అంకెలను చూపుచుండెను. రైతు తన గోడును మాత్రమే చూపగలిగెను. గోడును అంకెగా మార్చుటయే మాతర్ పరిశీలనకు లక్ష్యము. కుమారప్పకు గుజరాతీ రాదు. విద్యాపీఠ విద్యార్థులే ఆయనకు నోరును, చెవియును అయిరి. 1929 డిసెంబరు నెలలో మొదలైన ఆ పనిలో వారు పల్లె నుండి పల్లెకు తిరిగి, ఒక్కొక్క కుటుంబపు పంట, పశువులు, తిండి, బట్ట, అప్పు, శిస్తు అన్నిటిని నమోదు చేసిరి. విత్తనము, ఎరువు, ఎడ్ల మేత, ఇంటివారి శ్రమ అనువానికి వెల కట్టి చూచినచో, రైతునకు మిగులు లేని చోట కూడ శిస్తు వసూలగుచున్నదని ఆ లెక్క తేల్చెను. నివేదిక 1931లో వెలువడెను.

ఇంతలో చరిత్ర ఆ విద్యార్థుల గడపకే నడచి వచ్చెను. 1930 మార్చి 12వ తేదీన సబర్మతి నుండి బయలుదేరిన దండి యాత్ర, 14వ తేదీన ఆ మాతర్ గ్రామమునకే చేరెను. విద్యాపీఠపు విద్యార్థులు కొందఱు 'అరుణ్ టుకడీ', అనగా అరుణోదయ దళము, అను పేరుతో యాత్రికులకు ముందుగా పల్లెలకు పోవుచుండిరి. వారి పని విడిది ఏర్పాట్లు మాత్రమే కాదు. ఊరి జనాభా ఎంత, అందు అస్పృశ్యులుగా ఎంచబడువారు ఎందఱు, బడి కలదా, రాట్నములు ఎన్ని, పశువులు ఎన్ని, శిస్తు ఎంత, ఉప్పు ఎంత వాడుదురు అన్న వివరములను సేకరించి గాంధీజీకి అందింపవలెను. సాయంకాలపు సభలో ఆయన ఆ ఊరివారి యెదుట ఆ ఊరి లెక్కనే ఉంచి మాటలాడుచుండిరి. ఉదయమున అడిగిన ప్రశ్న సాయంకాలమునకు ఊరికి తిరిగి చేరుచుండెను. మదరాసు గ్రంథమున లేనిది ఈ తిరుగుదలయే.

అట్లని ఒకటి గొప్ప, మరియొకటి తక్కువ అని తీర్పు చెప్పుట తొందరపాటగును. మాతర్ పరిశీలన ఒక పోరాటమునకు పుట్టినది. దాని ప్రశ్నలు ఆ పోరాటమునకు కావలసిన ప్రశ్నలు. శిస్తు వసూలు చేయు ప్రభుత్వముపై చూపిన తీక్ష్ణదృష్టిని, ఊరిలోపలి భూస్వామిపై అది అంతగా చూపెనా అని అడుగవచ్చును. మదరాసు విద్యార్థులకు అట్టి ఉద్దేశము లేదు. కనుకనే ముందుతరములవారు తమకు తోచిన ప్రశ్నలతో వారి కాగితములను మరల తెఱువ గలిగిరి. ఒకరి పనికి ప్రయోజనము దగ్గఱ. మరియొకరి పనికి జ్ఞాపకము దీర్ఘము. ఊరికి రెండును కావలెను.

స్వాతంత్ర్యానంతరము ఈ ఆలోచన ప్రభుత్వ విధానములలో ప్రవేశించెను. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, 1949 నాటి నివేదికలో గ్రామీణ విశ్వవిద్యాలయములను సిఫారసు చేసెను. 1969లో, గాంధీజీ శతజయంతి సంవత్సరమున, ముప్పదియేడు విశ్వవిద్యాలయములలో సుమారు నలుబదివేల విద్యార్థులతో జాతీయ సేవాపథకము మొదలయ్యెను. దానివలన విద్యార్థి పల్లెకు పోయెను. బాట వేసెను, చెట్టు నాటెను. కాని పలుగు, పార చేత పట్టినవాడు ప్రశ్నను కూడ చేత పట్టవలెనన్న మాట వెనుకబడెను. సేవ వేఱు, విచారణ వేఱు అయ్యెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము నాలుగేండ్ల పట్టచదువులో పరిశోధనకు చోటు కల్పించి, ఈ రెంటిని మరల కలుపు అవకాశమిచ్చినది. ఆంధ్రప్రదేశమున 2020-21లో సంస్కరింపబడిన పట్టపాఠ్యప్రణాళిక, ప్రతి విద్యార్థియు నూటయెనుబది గంటలు సమాజసేవా ప్రాజెక్టునకు వినియోగింపవలెనని విధించెను. ఇంటింట తిరిగి సమస్యను తెలిసికొనుట ఆ పనిలో భాగము.

ఈ నాటి విద్యార్థులలో ఒకనాటి పడియాళ్ల, పాలేర్ల మనుమలును మనుమరాండ్రును కలరు. 1916లో ముంగిట నిలుచున్నవాని వంశము నేడు కాగితము పట్టుకొని అరుగెక్కినది. స్లేటరు కాలమున అడ్డుపడిన చిక్కు ఇట్లు కొంత సడలినది; ఆడపిల్ల వంటయింటిలోనికి పోయి అడుగగలదు, వెలివాడవాడు వెలివాడ మాటను వ్రాయగలడు. ఈ భాగ్యము మునుపటి తరములకు లేదు. అయితే గంటలు పూర్తిచేయుటకు వ్రాసిన నివేదిక మార్కులతో ముగియును. ఒక ఊరిని తెలిసికొనుటకు వ్రాసినది ముగియదు. అది రెండు ప్రతులుగా ఉండవలెను. ఒకటి కళాశాలలో భద్రముగా ఉండి, ఇరువది యేండ్లకు మరియొక విద్యార్థి చేతికి అందవలెను. రెండవదానిని ఊరి రచ్చబండ కడ బిగ్గఱగా చదివి వినిపింపవలెను. అప్పుడు వినుచున్నవారిలో ఎవరో ఒకరు లేచి, ఈ లెక్క తప్పు అని అందురు. ఆ తప్పును దిద్దుకొనుటతోనే విద్యార్థి పరిశోధన మొదలగును.