ఆరు అరలు, అయిదు తూటాలు

1876 జనవరిలో ఒక రాత్రి అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, విచిటా అనే ఊళ్లో, ఒక సారాయి దుకాణం వెనకగదిలో కొందరు కూర్చుని ఉన్నారు. వారిలో ఒకడు ఆ ఊరి పోలీసు ఉద్యోగి వైయట్ ఎర్ప్. నడుముకున్న ఒరలోనుంచి అతని రివాల్వరు జారి కింద పడింది. పడటమే తడవుగా పేలింది. తూటా అతని కోటును చీల్చుకుని, గోడకు తగిలి, పక్కకు మళ్లి, పైకప్పులోనుంచి బయటికి పోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు గాని, గదిలోని వారంతా తలో దిక్కుకు పరుగెత్తారని ఆ ఊరి పత్రిక రాసింది. తరవాతి కాలంలో గురి తప్పని వీరుడని కథల్లోకీ సినిమాల్లోకీ ఎక్కిన మనిషి ఇతడే.

మీటను ఎవ్వరూ నొక్కలేదు. మరి ఆ రివాల్వరు ఎందుకు పేలినట్లు?

ఆనాటి రివాల్వరు నిర్మాణం తెలిస్తే జవాబు సులభం. గొట్టం వెనక గుండ్రంగా తిరిగే ఒక చక్రం, అందులో ఆరు అరలు, అరకొక తూటా. ప్రతి తూటా అడుగున చిన్న రాగి టోపీ, అందులో దెబ్బ తగిలితే మండే రసాయనం ఉంటాయి. చక్రం వెనక ఒక సుత్తి, సుత్తి ముందు ఒక సూది. సుత్తిని దించి ఉంచినప్పుడు ఆ సూదిమొన నేరుగా కింది తూటా టోపీమీదనే ఆనుకుని ఉంటుంది. సుత్తిని కాస్త వెనక్కు పట్టి ఉంచడానికి ఒక గాడి ఉండేది గాని, గట్టి దెబ్బకు దాని సన్నని పన్ను విరిగిపోయేది. కిలోగ్రాము బరువుండే రివాల్వరు అర మీటరు ఎత్తునుంచి పడితే సుమారు 5 జౌళ్ల శక్తి వెలువడుతుంది. టోపీ పేలడానికి ఒక జౌలులో కొంత భాగం చాలు. అందుచేత సుత్తి నేలకు తగిలేలా పడితే పేలడంలో వింత లేదు. పేలకపోతేనే అదృష్టం.

దెబ్బతో మందు అంటించే పద్ధతికి మూలపురుషుడు స్కాట్లండులో బెల్‌హెల్వీ గ్రామపు చర్చి గురువు అలెగ్జాండర్ ఫోర్సిత్. పక్షుల వేట ఆయనకు సరదా. చెకుముకి తుపాకిలో ముందు నిప్పురవ్వ మెరిసి, తరవాత మందు అంటుకునేది. ఆ రెంటి నడుమ క్షణకాలంలో పక్షి ఎగిరిపోయేది. 1800లో ఎడ్వర్డ్ హోవర్డ్ పాదరస ఫల్మినేటును గురించి రాయల్ సొసైటీకి నివేదించి ఉన్నాడు. అటువంటి ఫల్మినేటు రసాయనాలను ఉపయోగించే పద్ధతికి ఫోర్సిత్ 1807లో పేటెంటు పొందాడు. తరవాత రాగి టోపీ వచ్చింది. వర్షానికి తడవని, జేబులో ఇమిడిపోయే పిస్తోలు దానివల్లనే సాధ్యమైంది. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ చేసిన బుల్లి పిస్తోళ్లు ఈ కోవలోవి. 1865 ఏప్రిల్ 14న అధ్యక్షుడు లింకన్‌ను కాల్చినది అటువంటి దానితోనే. ఆయుధాన్ని దుస్తులలో దాచుకుని తిరగడంపై భయం అంతకు చాలా ముందే ఉన్నది. కెంటకీ, లూసియానా రాష్ట్రాలు 1813లోనే దానిని నిషేధిస్తూ శాసనాలు చేశాయి.

1836లో శామ్యూల్ కోల్ట్ రివాల్వరుకు అమెరికా పేటెంటు పొందాడు. దానిలో ప్రతి అరలోనూ మందు పోసి, గుండు కూరి, వెనక టోపీ తొడగాలి. నింపడానికి నిమిషాలు పట్టేది. దింపడం ఇంకా చిక్కు. అన్నిటికంటె సులభమైన మార్గం ఆరుబయటికి పోయి పేల్చివేయడమే! కాబట్టి రాత్రిపూట ఇంటికి రాగానే దింపి, తెల్లవారి మళ్లీ నింపే అలవాటు అప్పుడు ఎవరికీ లేదు. నింపినది నింపినట్లే అలమరలో ఉండేది. కోల్ట్ అరకూ అరకూ మధ్య చిన్న మేకులు అమర్చి సుత్తి వాటిమీద ఆనేట్లు చేశాడు. రెమింగ్టను రివాల్వర్లలో మేకులకు బదులు గాడులు ఉండేవి. మేకులు అరిగిపోయేవి గాని, ఆ ఊహ మాత్రం సరైనదే.

పరిస్థితిని మార్చినది లోహపు తూటా. గుండు, మందు, టోపీ మూడూ ఒకే రాగి తొడుగులో ఇమిడ్చిన తూటాతో స్మిత్, వెస్సన్ అనే భాగస్వాములు 1857లో తమ మొదటి రివాల్వరును అమ్మారు. అరను ఆ కొసనుంచి ఈ కొసదాకా తొలిచే పద్ధతికి రోలిన్ వైట్ పేరిట ఉన్న పేటెంటు 1869లో తీరిపోగానే అందరూ అదే దారి పట్టారు. ఎర్ప్ కాలపు కోల్ట్ 1873లో వచ్చింది. ఇప్పుడు నింపడం, దింపడం పిల్లల ఆటంత తేలిక. ఇంట్లో బల్లముందు కూర్చుని రోజూ నింపవచ్చు, రోజూ దింపవచ్చు. పని ఎన్నిసార్లు చేస్తే పొరపాటుకు అన్ని అవకాశాలు. ఇంటిలోని పిస్తోలు ప్రమాదాలను గురించి ఆలోచించే వారు ఈ మార్పును తగినంతగా లెక్కలోకి తీసుకోరని నాకు తోస్తుంది.

జారిపడి పేలే ప్రమాదానికి జనం కనిపెట్టిన మందు చాలా చవకైనది. ఆరు అరల్లో అయిదే నింపి, సుత్తి కింద ఖాళీ అర ఉంచడం. నింపే వరస ఇది: ఒక తూటా పెట్టు, ఒక అర వదులు, వరసగా నాలుగు పెట్టు, సుత్తిని పూర్తిగా వెనక్కు లాగి, మెల్లగా దించు. సుత్తిని లాగినప్పుడల్లా చక్రం ఆరోవంతు తిరుగుతుంది. ఈ లెక్క ప్రకారం చివరికి సుత్తి కిందికి వచ్చేది వదిలిన అరే. విద్యార్థులు కాగితంమీద ఆరు గడుల చక్రం గీసి సరిచూసుకోవచ్చు. ఈ వరసలో తూటాలను చూడకుండానే, లెక్కను బట్టి ఖాళీ అర ఎక్కడున్నదో తెలుస్తుంది. కాని లెక్క తప్పితే అడ్డుకునే సాధనమేదీ యంత్రంలో లేదు.

ఆ సాధనం కోసం ఇంజనీర్లు చాలాకాలం పాటుపడ్డారు. 1887లో స్మిత్ అండ్ వెస్సన్ సుత్తి బయటికి కనిపించని జేబు రివాల్వరు తయారుచేసింది. పిడి వెనక ఒక పలక ఉంటుంది. పిడిని గట్టిగా పట్టుకుని ఆ పలకను లోపలికి అదిమితేనే మీట కదులుతుంది. ఒక బిడ్డ చేతిలో రివాల్వరు పేలిన వార్త విని వెస్సన్ దీనికి పూనుకున్నాడని చెబుతారు. చిన్నపిల్లల చేతికి పిడినీ మీటనూ ఒకేసారి అదిమే బలం ఉండదన్నది అందులోని ఊహ.

ఐవర్ జాన్సన్ కంపెనీ మార్గం ఇంకొకటి. సుత్తికీ సూదికీ మధ్య ఎడం ఉంచి, ఆ ఎడంలోకి ఒక చిన్న ఉక్కు కడ్డీ వచ్చేట్లు చేశారు. మీటను పూర్తిగా నొక్కితేనే ఆ కడ్డీ పైకి లేచి, సుత్తి దెబ్బను సూదికి అందిస్తుంది. లేకపోతే సుత్తిని మరొక సుత్తితో కొట్టినా పేలదు. కంపెనీ తన ప్రకటనల్లో సరిగ్గా ఆ మాటనే చాటుకునేది. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో అది వేసిన మరొక ప్రకటన చూస్తే ఈనాటి తల్లిదండ్రులకు గుండె ఆగినంత పనవుతుంది. రాత్రి దుస్తుల్లో ఒక చిన్నపాప పక్కమీద కూర్చుని రివాల్వరుతో ఆడుకుంటూ ఉంటుంది. ఇది మనకేమీ చెయ్యదని నాన్న చెప్పాడని ఆ పాప అన్నట్లు కింద రాశారు! ఆ కడ్డీ కిందపడిన రివాల్వరును పేలకుండా ఆపగలదు గాని, మీటమీద పడిన వేలిని ఆపలేదు. ప్రకటన రాసినవారు ఈ రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలిపేశారు. 1901 సెప్టెంబరులో బఫలో నగరంలో అధ్యక్షుడు మెకిన్లీని కాల్చినవాడు చేతిరుమాలు కింద దాచి తెచ్చినది ఈ కంపెనీ రివాల్వరునే.

ఇటువంటి అడ్డుకట్టను కోల్ట్ కంపెనీ 1905లో చేర్చింది. స్మిత్ అండ్ వెస్సన్ వారు తమ అడ్డుపలక చాలుననుకుని ఉండగా, 1944లో అమెరికా నౌకాదళపు ఓడలో ఒక రివాల్వరు ఉక్కు తలంమీద పడి పేలి, ఒక నావికుడు మరణించాడు. ఆ తరవాత మీటతో పాటు తప్పనిసరిగా కదిలే కొత్త పలకను అమర్చారు. పాత కోల్ట్ తీరులో రివాల్వర్లు చేస్తున్న రూగర్ సంస్థ 1973లో ఉక్కు కడ్డీ పద్ధతికి మారింది. తాను అంతకుముందు అమ్మినవాటికి కూడా ఉచితంగా మార్పుచేసి ఇస్తామని తరవాత ప్రకటించింది. కోల్ట్ పేటెంటునుంచి లెక్కిస్తే 137 సంవత్సరాలు. ఆ విధంగా జారిపడే రివాల్వరు సమస్య తీరింది.

ఇంతలో రెండవ సమస్య పెద్దదైంది. చేతిలో ఉన్నది ఖాళీయా, నిండుదా అని తెలిసేది ఎట్లా? రివాల్వరు చక్రాన్ని పక్కకు తెరిస్తే అన్ని అరలూ కంటికి కనిపిస్తాయి. 1890లనుంచి వచ్చిన ఆటోమేటిక్ పిస్తోళ్లలో అట్లా కాదు. జాన్ బ్రౌనింగ్ తదితరులు రూపొందించిన ఈ పిస్తోళ్లలో తూటాలు పిడిలోని మేగజీన్ అనే పెట్టెలో ఉంటాయి. పైతొడుగును వెనక్కు లాగి వదిలితే పెట్టెలోని పై తూటా ఒకటి గొట్టం వెనకనున్న అరలోకి ఎక్కుతుంది. అప్పుడు పెట్టెను ఊడదీసినా అరలో తూటా ఉండిపోతుంది. బయటికి మాత్రం పిస్తోలు ఖాళీ అయినట్లే కనిపిస్తుంది.

దింపడానికి రెండు పనులున్నాయి. ముందు పెట్టె తీయాలి, తరవాత తొడుగు లాగి అరలోని తూటాను రాల్చాలి. వరస తారుమారైతే ఏమవుతుందో చూడండి. ముందు తొడుగు లాగితే అరలోని తూటా కళ్లముందే రాలుతుంది. కాని తొడుగు ముందుకు పోతూ పెట్టెనుంచి ఇంకొక తూటాను అరలోకి తోస్తుంది. తరవాత పెట్టె తీస్తారు. రెండు పనులూ జరిగాయి, ఒక తూటా రాలింది, పెట్టె చేతిలో ఉంది, అయినా పిస్తోలు నిండే ఉంది! కూడికలో వరస మారితే ఫలితం మారదు. తీసివేతలో మారుతుంది. గణితోపాధ్యాయులు ఈ ఉదాహరణను వాడుకోవచ్చును.

ఈ ఉచ్చునుంచి తప్పించడానికి పలు ఉపాయాలు పన్నారు. జర్మనీలో లూగర్ పిస్తోలు అరలో తూటా ఉంటే పైనున్న కొక్కెం కొంచెం లేచి, నిండి ఉన్నదనే మాట పక్కన బయటపడుతుంది. 1929 నాటి వాల్థర్ పిస్తోలులో సుత్తిపైన ఒక చిన్న మొన పొడుచుకు వస్తుంది. చీకట్లో కూడా వేలితో తడిమి తెలుసుకోవచ్చు. బ్రౌనింగ్ 1910 పిస్తోలులో పెట్టె తీస్తే మీట పనిచేయదు. ఫ్రెంచి సైన్యం కోరిన ఈ ఏర్పాటు 1935 నాటి హైపవర్ పిస్తోలులో కూడా ఉన్నది. ఏర్పాటు మంచిదే. అయితే ఒక చిక్కు ఉంది. పెట్టె తీస్తే పేలదని దీనితో అలవాటుపడిన చెయ్యి, ఆ ఏర్పాటు లేని పిస్తోలును పట్టుకున్నప్పుడు కూడా అట్లాగే నమ్ముతుంది. 1982లో ఆస్ట్రియా సైన్యం స్వీకరించిన గ్లాక్ పిస్తోలులో లోపలి రక్షణలు మూడు. కిందపడితే పేలదు. కాని శుభ్రంచేయడానికి విడదీయాలంటే ముందు మీట నొక్కాలి. అర ఖాళీ అని పొరబడినవాడి చేతిలో అది పేలుతుంది.

అమెరికాలో ఈ చరిత్ర ఇప్పుడు సామాన్య గృహస్థుల విషయమైంది. ఫ్లారిడా 1987లో దాచుకుని తిరిగే అనుమతులను అర్హులందరికీ ఇవ్వసాగింది. 2013లో ఇల్లినాయి చేరడంతో అన్ని రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో అనుమతి ఏర్పడింది. ఇంటి వెలుపల పిస్తోలు ధరించే హక్కును 2022లో సుప్రీంకోర్టు గుర్తించింది. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే పిస్తోలు ఉంచుకోరాదు గనుక ఈ సమస్య మనకు దూరమనిపించవచ్చు. కాని లక్షలాది తెలుగువారు కాపురముంటున్నది అక్కడి వాడల్లోనే. వారి పిల్లలు ఆడుకోవడానికి పోయేది అక్కడి పొరుగిళ్లకే. అన్నిరకాల తుపాకులవల్ల పొరపాటున జరిగే మరణాలు ఆ దేశంలో 1960లలో ఏడాదికి 2,000కు పైన ఉండేవి. జనాభా అంతగా పెరిగినా ఇటీవల అవి సుమారు 500కు తగ్గాయి. ఈ 500లో పసివాళ్లూ ఉన్నారు.

ఇంట్లో నింపేటప్పుడు మూతిని ఎటు తిప్పాలన్నది కూడా తేలిక ప్రశ్న కాదు. 8 గ్రాముల తూటా సెకనుకు 350 మీటర్ల వేగంతో పోతే దాని గతిజశక్తి 490 జౌళ్లు, అంటే కిలోగ్రాము రాయి 50 మీటర్ల ఎత్తునుంచి పడినంత. అమెరికా ఇళ్లలో గదుల నడుమ గోడలు కర్రచట్రానికి కొట్టిన జిప్సం పలకలు. అటువంటి గోడలు కొన్నిటిని తూటా సునాయాసంగా దాటిపోతుంది. అవతలి గదిలో ఎవరున్నారో గోడ చెప్పదు. అందుకే సైనిక శిబిరాల్లోనూ పోలీసు ఠాణాల్లోనూ ఇసుక నింపిన పీపా ఒకటి పెట్టి, మూతిని అందులోకి పెట్టిగాని నింపనివ్వరు, దింపనివ్వరు. ఇసుకరేణువుల మధ్య రాపిడి తూటా శక్తిని కొద్దిదూరంలోనే హరిస్తుంది. 1976లో అరిజోనాలో పిస్తోలు శిక్షణాలయం స్థాపించిన జెఫ్ కూపర్ తన బోధనలో మొట్టమొదట పెట్టినది ఏ తుపాకీనైనా ఎల్లప్పుడూ నిండినదిగానే భావించాలనే నియమం. తూటా తగలకూడనిదాని వైపు మూతి తిప్పకపోవడం, గురి కుదిరేదాకా మీటమీద వేలు పెట్టకపోవడం అందులోనుంచి వచ్చినవే.

రోజూ దింపి రోజూ నింపేవారికి మరొక చిక్కు ఉంది. పెట్టెలోని పై తూటా ప్రతిసారీ అరలోకి పోతూ వాలుతలానికి కొట్టుకుంటుంది. అదే తూటాను మళ్లీ మళ్లీ ఎక్కిస్తే గుండు తొడుగులోకి కొంచెం కొంచెంగా దిగిపోతుంది. లోపలి ఖాళీ తగ్గుతుంది. మందు మండినప్పుడు అంత ఇరుకు చోట పీడనం హద్దు మీరి పిస్తోలునే పగలగొట్టవచ్చు. కనుక కొత్త తూటా పక్కన నిలబెట్టి పొడవు పోల్చి, పొట్టిదైన దానిని వాడకుండా తీసివేస్తారు. ఈ కారణంవల్లనూ, ప్రతి నింపుడూ పొరపాటుకు మరొక అవకాశం కావడంవల్లనూ, ఇప్పటి శిక్షకులు పలువురు రోజూ నింపడం, దింపడం మానిపించారు. పిస్తోలును ఒరలోనుంచి తీయకుండా, మీట కప్పబడి ఉండగానే, ఒరతో సహా నడుమునుంచి విప్పి, తాళంవేసిన ఇనపపెట్టెలో పెట్టమంటారు. 1850లో కోల్ట్ రివాల్వరు యజమాని చేసినది కూడా ఇంచుమించు ఇదే, కాకపోతే అతని అలమరకు తాళం లేదు.