'స్టూడియస్' అను మాట

ఇంగ్లీషు పాఠశాలలలో పిల్లవానిని మెచ్చుకొనుటకు ఉపాధ్యాయులు వాడెడు మాటలలో 'స్టూడియస్' అనునది యొకటి. చదువునందు శ్రద్ధ గలవాడని దీనికి మనవారు చెప్పుకొను నర్థము. అది సరియే గాని యీ మాట పుట్టుకలో పుస్తకము లేదు. లాటిను భాషలో 'స్టూడియుమ్' అనగా ఉత్సాహము, తమకము, ఒకదానివైపు మనస్సు పరుగెత్తుట. ఒక కక్షపై నభిమానమునకు సైతము రోమను రచయితలు ఈ మాటనే వాడిరి. మధ్యయుగమున ఐరోపాలోని విశ్వవిద్యాలయములకు 'స్టూడియుమ్ జెనెరాలె' యని పేరు. అట్లు మాట చదువువైపునకు మొగ్గెను. ఇంగ్లీషులో నిది 14వ శతాబ్దమున ప్రవేశించినది. పాత యర్థము మాత్రము చావలేదు. ఒకడు మఱియొకనిని 'స్టూడియస్‌లీ' తప్పించుకొని తిరిగెననిన, అందు చదువేమియు లేదు, పట్టుదలయే కలదు.

మన 'శుశ్రూష' కథయు నించుమించుగా నిట్టిదే. ఆ పదమునకు ధాత్వర్థము వినవలెనను కోరిక. వినగోరు శిష్యుడు గురువునకు పరిచర్య చేయుచుండుటచే కాబోలు, సేవ యను నర్థము దాని కబ్బినది. పురుషునకు గురుశుశ్రూష, స్త్రీకి పతిశుశ్రూష యేర్పడినవి. మొదటిదానిలో వినుట కొంత మిగిలినది; రెండవదానిలో పరిచర్యయే మిగిలినది!

ఇంగ్లాండునందును మాటల పంపకము సమముగా జరుగలేదు. 18వ శతాబ్దమున లండనులో ఎలిజబెత్ మాంటేగు మొదలగు స్త్రీలు విద్యాగోష్ఠులు నడపిరి. వారికి 'నీలి మేజోళ్లవారు' అను పేరు వచ్చెను. ఆ మేజోళ్లు తొడిగి వచ్చినవాడు బెంజమిన్ స్టిల్లింగ్‌ఫ్లీట్ అను పురుషుడే యందురు. అపహాస్యము మాత్రము స్త్రీల పాలయ్యెను. చదువరియగు పురుషుడు 'స్టూడియస్', చదువరియగు స్త్రీ 'నీలి మేజోడు'.

ఈ భేదము మాటలతోనే నిలిచిన బాధ లేకపోవును. 1890లో కేంబ్రిడ్జి గణితపరీక్షయందు న్యూన్‌హామ్ కళాశాలకు చెందిన ఫిలిప్పా ఫాసెట్ అను యువతి పురుషులలో ప్రథముడైన 'సీనియర్ రాంగ్లరు'ను మించి గుణములు పొందినది. ఆమె 'సీనియర్ రాంగ్లరుకు పైన' అని ప్రకటించిరే గాని, ఆ బిరుదమును గాని పట్టమును గాని ఈయలేదు. స్త్రీలకు పట్టము లిచ్చుటకు ఆ విశ్వవిద్యాలయమునకు 1948వ సంవత్సరము రావలసివచ్చెను. ఆ యేటి జూను నెలలోనే ఫాసెట్ మరణించినది.