వృత్తిచికిత్స: విద్యార్థుల ఆసుపత్రి శిక్షణము



పక్షవాతము సోకి కుడిచేయి పడిపోయిన రైతునకు వైద్యుడు మందిచ్చి ప్రాణము నిలుపును. కాని అన్నము కలుపుకొనుట, పంచె కట్టుకొనుట, ఎద్దునకు పలుపు ముడివేయుట అతనికి మరల నేర్పువారెవరు? ఆ నేర్పెడి విద్యకే ఆక్యుపేషనల్ థెరపీ, అనగా వృత్తిచికిత్స, అని పేరు. పనిచేతనే పనిచేయు శక్తిని మరల రప్పించుట దీని మర్మము. ఈ విద్యను చదువు విద్యార్థిని రోగియొద్దకు పంపునపుడు గురువు ఎంత దూరమున నిలువవలెను? ఈ ప్రశ్నకు నూఱేండ్ల చరిత్ర కలదు. దానినే నేడు మనవి చేసెదను.

1917 మార్చిలో, అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమునందు, క్లిఫ్టన్ స్ప్రింగ్సు అను ఊర ఆరుగురు కూడి ఈ విద్యకొక సంఘమును స్థాపించిరి. వారిలో జార్జి బార్టన్ అను వాస్తుశిల్పి క్షయచే పీడితుడై, ఎడమప్రక్క చచ్చుబడగా, వడ్రంగము, తోటపని చేయుచు కోలుకొన్నవాడు. ఎలినార్ స్లేగిల్ అను విదుషి మనోరోగులకు దినచర్యను క్రమముగా అలవాటు చేయు పద్ధతిని నెలకొల్పినది. మఱుసటి సంవత్సరమే మహాయుద్ధమున గాయపడిన సైనికులకై అనేక స్త్రీలను త్వరత్వరగా తరిఫీదు చేసి సైనికాసుపత్రులకు పంపవలసివచ్చెను. అక్కర తొందరపెట్టగా చదువు పొట్టిదయ్యెను. యుద్ధానంతరము, 1923లో, ఆ సంఘము శిక్షణమునకు కనీస నియమములు ఏర్పఱచి, ఆసుపత్రి అభ్యాసమును విధిగా చేర్చినది.

మన దేశమున 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రియందు కమలా నింబ్కర్ ఈ విద్యకు పాఠశాల నెలకొల్పిరి. ఆమె అమెరికాలో జన్మించి, భారతీయుని వివాహమాడి, ఈ దేశమునే తన దేశముగా చేసికొన్న సాధ్వి. 1952లో ప్రపంచ సమాఖ్య ఏర్పడినపుడు దానిని స్థాపించిన పది దేశములలో మనదియు నొకటి. ఆ సమాఖ్య ప్రమాణము ననుసరించి విద్యార్థి కనీసము 1000 గంటలు పర్యవేక్షణలో అభ్యాసము చేయవలెను.

గంటలు లెక్కించుట సులభము, పర్యవేక్షించుటయే కష్టము. నేను ఉపాధ్యాయ శిక్షణములో మాదిరి పాఠము చెప్పిననాడు మా గురువుగారు తరగతి వెనుక పుస్తకము పట్టుకొని కూర్చుండిరి. ఆయన యుండగా నా నాలుక యెండిపోయెను. ఆయన లేచిపోగానే పిల్లలు నన్ను లక్ష్యపెట్టలేదు. నాకు జరిగిన నష్టము ఒక పాఠము మాత్రమే. వృత్తిచికిత్సా విద్యార్థి తడబడినచో నష్టపడువాడు మంచముమీది రోగి.

పూర్వమునుండి వచ్చినది ఒక గురువునకు ఒక శిష్యుడను పద్ధతి. ఇందు దగ్గఱి చూపు కలదు; కాని విద్యార్థులు పెరిగినకొలది గురువులు చాలరు. తన రోగులను చూచుకొనుచునే శిష్యుని చూచుట గురువునకును భారమే. అందుచేత ఒక గురువుకడ ఇద్దఱు ముగ్గురు కలిసి, ఒకరినుండి యొకరు నేర్చు పద్ధతి వచ్చినది. మూడవది, ఈ చికిత్సకులు ఇంకను లేని పాఠశాలలకు, వృద్ధాశ్రమములకు విద్యార్థిని పంపి, గురువు వెలుపలినుండి వచ్చి చూచుట. ఇట్టిచోట్ల వారమునకు కనీసము 8 గంటలు ప్రత్యక్షముగా పర్యవేక్షింపవలెనని 2018 నాటి అమెరికా నియమము.

ఏ పద్ధతియైనను ఒక చిక్కు విడువదు. నేర్పువాడే మార్కులు వేయువాడు. తక్కెడ గురువు చేతనున్నప్పుడు శిష్యుడు తన తప్పును దాచును. దాచిన తప్పు రోగికి తగులును. గురువు మొగమాటమున చేతగానివానిని ఉత్తీర్ణుని చేసినను ఫలమదియే. కావున తప్పు చెప్పుకొను వేళ వేఱు, తూచు వేళ వేఱు అని మొదటిదినముననే విద్యార్థికి తెలుపవలెను. మొదట చేసి చూపి, పిదప ప్రక్కన నిలిచి, తుదకు పిలిచిన పలుకునంత దూరమునకు జరుగవలెను. ఈత నేర్పువాడు సొరకాయబుఱ్ఱ విప్పు తరి నెఱుగవలెను గదా!

పెద్దలారా! మీ యింటి రోగియొద్దకు చిన్నవాడొకడు నేర్చుకొనుటకై వచ్చినచో కసరి పంపకుడు. వానికి చోటీయనిదే రేపటికి చికిత్సకుడు లేడు. కాని, "నాయనా, నీ గురువెక్కడ?" అని మాత్రము తప్పక అడుగుడు. అది రోగికిని, ఆ చిన్నవానికిని మేలు.