కొట్టేసిన కేసు



ఆడది కోర్టుకెక్కితే అల్లరి తప్ప మిగిలేదేమీ లేదని పెద్దవాళ్ళు అనడం మనందరం విన్నదే. ఇవాళ నేను చెప్పబోయే ఆవిడ కోర్టుకెక్కింది, మొదట ఓడిపోయింది కూడాను. ఓడాక ఏం చేసిందన్నదే అసలు కథ.

ఆమె పేరు పాలెట్ బార్న్స్. అమెరికాలో నల్లజాతి స్త్రీ. 1971లో అక్కడి ప్రభుత్వ పర్యావరణ పరిరక్షణ సంస్థలో ఉద్యోగానికి చేరింది. ఏ విభాగంలో అనుకున్నారు? ఉద్యోగాల్లో అందరికీ సమానావకాశాలు అందేలా చూసే విభాగంలో! దీపం కిందే చీకటి. ఆ విభాగం డైరెక్టరే తనను ఆఫీసు వేళలయ్యాక రమ్మన్నాడనీ, తనతో సంబంధం పెట్టుకుంటే ఉద్యోగంలో పైకొస్తావన్నాడనీ ఆమె అభియోగం. తాను కాదన్నాక చిన్నబుచ్చారట, చేతిలో పనులు లాగేశారట. చివరికి ఆమె పోస్టే రద్దయింది.

ఆమె మొదట జాతి వివక్ష అని ఫిర్యాదు చేసింది. అధికారులు అదేమీ లేదన్నారు. స్త్రీ అయినందువల్ల జరిగిన వివక్షగా ఫిర్యాదు మార్చుకుంటానంటే ఒప్పుకోలేదు. 1964 నాటి పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో స్త్రీపురుష వివక్ష కూడదంటుంది. 1972 సవరణతో అది కేంద్ర ప్రభుత్వోద్యోగులకూ వర్తించింది. ఆ ధైర్యంతోనే ఆమె కోర్టుకు వెళ్ళింది. 1974లో జిల్లా కోర్టు, విచారణ దాకా రానివ్వకుండానే కేసు కొట్టేసింది. స్త్రీ అయినందుకు కాదు, అధికారి కోరిక కాదన్నందుకు ఆమెకు కష్టం వచ్చింది, అది వాళ్ళిద్దరి సొంత గొడవ అంది!

చూశారా తర్కం? బార్న్స్ అప్పీలు చేసింది. 1977 జూలైలో అప్పీలు కోర్టు ఆ తర్కాన్ని తిరగేసింది. తీర్పు రాసిన స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ కూడా నల్లజాతివారే. బడుల్లో జాతి విభజనకు వ్యతిరేకంగా వాదించిన పాతకాలపు ప్లీడరు. ఆమె స్త్రీ కాకపోతే ఆ కోరిక కోరేవాడే కాదు కదా అన్నారాయన. ఆఫీసులోని ఆడవాళ్ళందరికీ జరిగితేనే వివక్షనడమూ సరికాదు, ఒక్కరికి జరిగినా వివక్షే అన్నారు.

ఇక్కడొక మాట. అభియోగం రుజువైందని ఆ తీర్పు చెప్పలేదు. నిజమైతే అది చట్టవిరుద్ధమే, కాబట్టి విచారించండని కింది కోర్టుకు పంపింది. అంతే. కానీ ఆ 'అంతే' చిన్నదేం కాదు. అంతవరకూ చెప్పుకోవడానికే సిగ్గుపడే బాధకు కోర్టులో చోటు దొరికింది. 1986లో మిషెల్ విన్సన్ అనే బ్యాంకు ఉద్యోగిని కేసులో సుప్రీంకోర్టు, జీతానికి నష్టం లేకున్నా అలాంటి వేధింపు వివక్షేనంది. ఆమె కూడా కింది కోర్టులో ఓడినామెే.

ఇవాళ అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మన ఆడపిల్లలకూ ఆ చట్టమే అండ. ఒక న్యాయమూర్తి కొట్టేసినంత మాత్రాన బాధ అబద్ధమైపోదు. గడువు దాటకుండా పై మెట్టు ఎక్కాలి. బార్న్స్ చేసింది అదే.