ధర్మశాల మైదానం – మన ఇంటిపేర్లు



హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల క్రికెట్ స్టేడియం సుమారు 1,457 మీటర్ల ఎత్తున ఉంది. వెనకాలే మంచు కప్పిన ధౌళాధార్ కొండలు. గాలి పలచన కాబట్టి కొట్టిన బంతి దూరం పోతుంది. కొత్త బంతి బాగా స్వింగ్ అవుతుంది కూడా. 2017 మార్చిలో ఇక్కడి తొలి టెస్టులో ఆస్ట్రేలియాను ఓడించి సిరీస్ గెలిచాం. అదే ఏడాది డిసెంబరు వన్డేలో శ్రీలంక మనల్ని 112కే ఆలౌట్ చేసింది. అందులో 65 ధోనీవే.

తమిళనాట స్థిరపడ్డ మనకు 2010 ఏప్రిల్ ప్రత్యేకం. 16న హైదరాబాదు డెక్కన్ ఛార్జర్స్, 18న మన చెన్నై, రెండూ ఇక్కడే పంజాబ్‌ను ఓడించాయి. మాట ఒకరిది, ఊరు ఇంకొకరిది. రెండు గెలుపులూ మనవే.

2023 అక్టోబరు 17న ప్రపంచకప్‌లో ఇదే మైదానంలో చిన్న జట్టు నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికాను 38 పరుగులతో ఓడించింది. ఆ జట్టులో తేజ నిడమనూరు ఉన్నాడు. పుట్టింది విజయవాడలో, పెరిగింది న్యూజిలాండులో, ఆడింది డచ్చివాళ్ల తరఫున. నిడమనూరు అంటే విజయవాడ పక్కనున్న ఊరి పేరే. మనలో చాలామంది ఇంటిపేర్లూ అలా ఊరి పేర్లే కదా!

తరతరాలుగా ఇక్కడే ఉన్నా, "మీరు ఏ ఊరివాళ్లు?" అని మన పిల్లల్ని ఇంకా అడుగుతూనే ఉన్నారు. పిల్లలు ఇంటిపేరును ఒక అక్షరానికి కుదించేసుకుంటున్నారు. ఉన్న ఊరి కోసం ఆడటానికి ఇంటిపేరు అడ్డు కాదని వాళ్లకు చెబుదాం. ఆ ఇంటిపేరు ఏ ఊరిదో కూడా చెబుదాం.